లాడ్కీ బహీణ్ తనిఖీ జాబితాలో పేరు వచ్చింది, ఏ కాయితం ఎక్కడ ఇయ్యాలె?

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ తాలూకా)

అందరికీ నమస్తే. మా వదినె పేరు లాడ్కీ బహీణ్ (మహారాష్ట్ర సర్కారు ఆడోళ్ళకు నెలనెలా పైసలిచ్చే పథకం) పడ్తాళ్ణీ (తనిఖీ) జాబితాల వచ్చింది. నెలనెలా పడే 1500 బంద్ అయినయ్. అంగన్‌వాడీ సేవిక జాబితా పట్టుకొని వచ్చి మూడు సంగతులు అడిగింది.

ఒకటి, అన్న పేరు మీద నాలుగు చక్రాల బండి ఉన్నదట. ఆ కారు రెండేండ్ల కిందనే గోదావరి అవతల మహదేవపూర్ ఆయనకు అమ్మినం, పైసలు కూడా ముట్టినయ్. ఆర్సీ మాత్రం మార్చుకోలేదు.

రెండు, ఒకటే కేసరి రంగు రేషన్ కార్డు మీద మా అమ్మకు (58 ఏండ్లు), వదినెకు ఇద్దరికీ పైసలు పడుతుండె. నాయిన ఉన్నడు.

మూడు, వదినె పుట్టిల్లు చెన్నూరు. ఆధార్ అక్కడిదే. అక్కడి రేషన్ కార్డుల కూడా ఆమె పేరు ఇంకా ఉన్నదట, మాకూ ఇప్పుడే తెలిసింది.

దొంగతనం ఏమీ చెయ్యలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటం. కానీ సేవిక ఒక అచ్చు కాయితం ఇచ్చి "దీని మీద సంతకం పెడితే కేసు గీసు ఉండదు" అన్నది. మరాఠీల ఉన్నది, వదినెకు చదవరాదు. సంతకం పెట్టాల్నా? ఏ కాయితం ముందు చెయ్యాలె? తెలిసినోళ్ళు వరుసగా చెప్పుండ్రి.

సేతు కిటికీ (ఆలపల్లి)

సంతకం పెట్టకుండ్రి. ముందు ఆ కాయితంల "సోడత్" అనే మాట ఉన్నదా చూడుండ్రి. "స్వేచ్ఛేనే లాభ్ సోడత్ ఆహే" అని ఉంటే దాని అర్థం "నా ఇష్టంతోని లాభం వదులుకుంటున్న" అని. అది జవాబు కాదు, రాజీనామా. ఒక్కసారి పెడితే తర్వాత "నేను అర్హురాలినే" అని మొత్తుకున్నా, ఫైల్ల మీ చేతి రాతే మీకు అడ్డం వస్తది. నిజంగ అర్హత లేనోళ్ళకు ఆ కాయితం మంచిదే, మీకు కాదు.

సేవిక మీద కోపం తెచ్చుకోకుండ్రి. జాబితా ఆమె తయారు చెయ్యలేదు. పై నుంచి వస్తది: రవాణా శాఖ లెక్క, రేషన్ లెక్క, పెన్షన్ లెక్క, ఆదాయపు పన్ను లెక్క పక్కపక్కన పెట్టి కంప్యూటర్ పేర్లు కలిపి చూస్తది. కలిసిన పేర్లు జిల్లాకు, అక్కడినుంచి తాలూకాకు వస్తయ్. సేవిక పని ఇంటికి పోయి చూసి, పేరు ఎదురుంగ ఒక ముక్క రాయడమే. ఆ ముక్కలు రెండు: "పాత్ర", "అపాత్ర". మన దిక్కు పాత్ర అంటే గిన్నె అనుకుంటరు, ఇక్కడ అర్హురాలు అని. ఆమె ఏం రాసిందో అడిగి, ఆ వరుస ఫోను ఫొటో తీసుకోండ్రి. మిగిలినోళ్ళ పేర్లు పడకుండ మీ వరుస మట్టుకే.

మీ జవాబు నోటితోని వద్దు. తెల్లకాయితం మీద మరాఠీల రాయించి, తాలూకా బాల వికాస్ ప్రకల్ప్ అధికారి (సీడీపీఓ) ఆఫీసుల ఇయ్యుండ్రి. రెండు నకళ్ళు తీస్కపోండ్రి. ఒకటి ఆవక్‌ల (కాయితాలు తీసుకునే టేబుల్ల) ఇచ్చి, రెండో దాని మీద ముద్ర, తారీఖు, ఆవక్ నంబరు వేయించుకోండ్రి. ఆ ముద్రనే పోచ్ అంటరు. "పోచ్ ద్యా" అని అడిగితే కాదనరు. పోచ్ లేని అర్జీ ఇచ్చినట్టే కాదు, ఆర్నెల్లకు ఆ టేబుల్ మీద కొత్త మనిషి కూర్చుంటే మీ దగ్గర ఏమీ ఉండదు.

అర్జీల ఒక్కో కారణానికి ఒక్కో పేరా, దానికింద జోడించిన కాయితం పేరు. ఏడ్పులు, బీదరికం వర్ణన వద్దు. స్టాంపు పేపరు కొనకుండ్రి. మొదట దరఖాస్తు నింపినప్పుడు కూడా హమీపత్ర (హామీ కాయితం) అచ్చు ఫారం మీద సంతకమే తీసుకున్నరు, స్టాంపు అడగలేదు.

ఇంకొకటి. పైసలు నిజంగ ఆగినయా, లేక వేరే ఖాతాల పడుతున్నయా, ఇది ముందు తేల్చుకోండ్రి. ఈ పథకం పైసలు ఫారంల రాసిన ఖాతా నంబరుకు పోవు, ఆధార్‌కు ఆఖరున ఏ బ్యాంకు జోడైతే దానికి పోతయ్. సిమ్ కొన్నప్పుడో, పోస్టాఫీసుల వేలు పెట్టినప్పుడో పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరుచుకొని ఆధార్ అటు మళ్ళి ఉండొచ్చు. మై ఆధార్ సైటుల ఓటీపీతోని లోపలికి పోయి "బ్యాంక్ సీడింగ్ స్టేటస్" నొక్కుతే బ్యాంకు పేరు, యాక్టివ్ ఉన్నదా లేదా చూపిస్తది. అయిదు నిమిషాల పని. ఇది చూడకుండ తహశీల్ చుట్టూ తిరిగేటోళ్ళే ఎక్కువ.

రాజురా రోడ్డు (చంద్రపూర్ జిల్లా)

కారు సంగతి నేను చెప్తా. మిగిలిన రెండింటికన్నా ఇదే గట్టిది. రూలు "నాలుగు చక్రాల వాహనం, ట్రాక్టరు తప్ప", అది ఇంట్లో ఎవరి పేరునున్నా పథకం రాదు. ఆర్సీలో ఎవరి పేరుంటే బండి వాళ్ళదే, అమ్మినా సరే. బాండు పేపరు మీద రాసుకున్న అమ్మకం రవాణా శాఖకు తెలియదు.

అన్నట్టు, ట్రాక్టరు మట్టుకే మినహాయింపు అని గుర్తుంచుకోవాలి. పికప్పు, చిన్న గూడ్సు బండి బతుకుదెరువుకు నడుపుతున్నా సరే, అక్షరం ప్రకారం అది నాలుగు చక్రాలదే. మూడు చక్రాల ఆటో ఇందులోకి రాదు. ఇది న్యాయమా అంటే నా లెక్కలో కాదు, కానీ రూలు అదే.

చేయాల్సింది ఇది:

1. ఎంపరివాహన్ (రవాణా శాఖ) యాప్‌లో బండి నంబరు కొట్టి చూడండి. ఓనరు పేరు సగం చుక్కలతో కనిపిస్తుంది, మొదటి అక్షరాలతో గుర్తుపట్టొచ్చు. ఒకవేళ కొన్నాయన ఈపాటికే మార్చుకుని ఉంటే మీ పని అయిపోయినట్టే. ఆ స్క్రీన్ అచ్చు తీసి అర్జీకి జోడించండి. జిల్లాకు వచ్చిన జాబితా పాత లెక్క మీద తయారైంది కావచ్చు.

2. ఇంకా అన్న పేరే ఉంటే, కొన్నాయనది తెలంగాణ కాబట్టి మామూలు బదిలీ చాలదు. గడ్చిరోలి ఆర్టీఓ (ఎంహెచ్ 33) నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం కావాలి. దానికి ఆర్సీ, చెల్లే బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, పన్ను బాకీ లేకపోవడం, చలాన్లు కట్టేసి ఉండడం అవసరం. చలాన్లు మీరు అమ్మిన తర్వాత కొన్నాయన తెచ్చుకున్నవైనా సరే, ఆగేది మీ దరఖాస్తే. సిరొంచ నుంచి గడ్చిరోలి సుమారు 200 కిలోమీటర్లు, ఊరికే పోకండి. పరివాహన్ సైటులో ముందు దరఖాస్తు వేసి, బాకీలు అక్కడే చూసుకుని, కట్టి, తర్వాత బస్సెక్కండి.

3. దాంతోపాటు ఫారం 29 (అమ్మినట్టు నోటీసు) రెండు ప్రతులు, ఫారం 30 మీద ఇద్దరి సంతకాలు. నిరభ్యంతర పత్రం వచ్చాక కొన్నాయన తన జిల్లా ఆర్టీఓలో పేరు మార్పించుకోవాలి.

4. కొన్నాయన దొరకడు, లేదా రానంటాడు అనుకోండి. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అమ్మినవాడే ఆర్టీఓకు తెలియజేయాలి. అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికి అమ్మితే 45 రోజుల్లో. గడువు దాటినా ఇవ్వండి, ఆలస్యానికి జరిమానా పడొచ్చు. అమ్మకం ఒప్పందం, పైసలు ఖాతాలో పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, కొన్నాయన ఆధార్ నకలు ఉంటే అదీ జోడించి, రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

లాడ్కీ బహీణ్ సంగతి పక్కన పెట్టినా ఇది చేసి తీరాల్సిందే. ఆ బండి రేపు ఎవరినైనా గుద్దితే పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్నవాడిదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. 1500 కోసం మొదలుపెట్టిన పని లక్షల నుంచి కాపాడొచ్చు.

ఆర్టీఓ పని అయ్యేదాకా అర్జీ ఆపకండి. ఆర్టీఓకి దరఖాస్తు వేసిన రసీదు నంబరు రాసి ఇప్పుడే ఇచ్చేయండి. పేరు మారాక రెండో అర్జీ, మొదటిదాని ఆవక్ నంబరు వేసి.

కిన్వట్ కుర్రాడు

భూమి కూడా చూసుకోండి అన్నా. ఐదెకరాల పైన ఉంటే కట్ అయితది.

వార్ధా ఇవతల (చంద్రపూర్ జిల్లా)

తమ్ముడూ, ఆ ఐదెకరాల షరతు మొదటి జీఆర్‌లో (సర్కారు ఉత్తర్వులో) ఉండేది. 2024 జూన్ 28 నాటిది అది. వారం తిరక్కుండానే జులై మొదట్లో తీసేశారు. అప్పుడే డొమిసైల్ (స్థిరనివాస) సర్టిఫికెట్ బదులు 15 ఏళ్ళ నాటి రేషన్ కార్డు, ఓటరు కార్డు, స్కూలు టీసీ, జన్మ దాఖలా (పుట్టిన సర్టిఫికెట్) వీటిలో ఏదైనా సరే అన్నారు. పై వయసు కూడా 60 నుంచి 65కి పెంచారు. పాత జీఆర్ ఫొటోలు ఇంకా ఫోన్లలో తిరుగుతూ జనాన్ని భయపెడుతున్నాయి. భూమి వల్ల పేరు పోదు. కాకపోతే రైతు పథకం వల్ల మొత్తం తగ్గుతుంది: పీఎం కిసాన్ 6000, నమో శేత్కరీ 6000, రెండూ కలిపి ఏడాదికి 12,000, అంటే నెలకు 1000. ఆ ఇంటావిడ పేరునే అవి వస్తుంటే లాడ్కీ బహీణ్‌లో మిగతా 500 మాత్రమే ఇస్తారు. అది శిక్ష కాదు, లెక్క. 500 పడితే "కోత పెట్టారు" అని ఫిర్యాదు రాయక్కర్లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. అత్తాకోడళ్ళ విషయం. ఒక కుటుంబంలో పెళ్ళైన ఆవిడ ఒక్కరికే అనే లెక్క మీద వచ్చిన చిక్కు ఇది.

2024 జులై సవరణలోనే కుటుంబం అంటే ఏమిటో రాశారు: భర్త, భార్య, వాళ్ళ పెళ్ళికాని పిల్లలు. ఆ లెక్కన మీ అమ్మానాన్న ఒక కుటుంబం, అన్నావదిన ఇంకో కుటుంబం. ఒకే కప్పు కింద, ఒకే కార్డు మీద ఉన్నా సరే. కానీ కంప్యూటర్‌కు ఈ నిర్వచనం తెలియదు, దానికి ఒక రేషన్ కార్డు అంటే ఒక కుటుంబం. ఇద్దరు పెళ్ళైన ఆడవాళ్ళు ఒకే కార్డు నంబరు మీద కనిపించగానే పేరు జాబితాలో వేస్తుంది. అందుకని అర్జీలో "మేం వేరుగా ఉంటున్నాం" అని రాయొద్దు, అది నిజం కాకపోతే. "జీఆర్ నిర్వచనం ప్రకారం ఇవి రెండు కుటుంబాలు" అని రాసి, అన్నావదినల పెళ్ళి దాఖలా, కార్డు నకలు పెట్టండి. జీఆర్‌లో ఆ పేజీ అచ్చు తీసి, ఆ వాక్యం కింద గీత గీసి జోడించండి. తాలూకా ఆఫీసులో చాలామంది జీఆర్ చదివి ఉండరు.

కార్డు విడగొట్టుకోమని (విభక్త్ శిధాపత్రికా) సలహా ఇచ్చేవాళ్ళుంటారు. నిజంగా పొయ్యి వేరైతే తప్పకుండా విడగొట్టుకోండి. అయితే జాబితాలో పేరు వచ్చిన తరువాతి వారంలో విడగొట్టిన కార్డును అనుమానంగానే చూస్తారు. ఇంట్లో ఒకే గ్యాస్ సిలిండరు, ఒకే ఇంటి పన్ను రసీదు ఉండి కార్డులు రెండైతే, అప్పటిదాకా నిజాయితీగా ఉన్న కేసు అబద్ధం కేసు అవుతుంది.

చెన్నూరు కార్డు సంగతి. ఇది మాత్రం మీ వైపు లోపమే, ముందు దిద్దుకోండి. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు కనుక ఆడపిల్ల పేరు తీయించడానికి పుట్టింటివాళ్ళకు మనసొప్పదు. కానీ రెండు రాష్ట్రాల కార్డుల్లో ఒకే ఆధార్ ఉంటే, దేశం మొత్తం కలిపి చూసేటప్పుడు ఇవాళ కాకపోతే రేపు పట్టుబడుతుంది. పోయేది లాడ్కీ బహీణ్ ఒక్కటే కాదు, ఇక్కడి బియ్యం కూడా.

చెన్నూరులో మీసేవ ద్వారా ఆమె పేరు తొలగించమని దరఖాస్తు పెట్టించండి. పెళ్ళి దాఖలా, పెళ్ళిపత్రిక జోడిస్తే చాలు. తొలగించినట్టు కాగితం తెచ్చుకోండి. మన వైపు దాన్ని "నావ్ కమీ కేల్యాచా దాఖలా" అంటారు, ఇక్కడి కార్డులో పేరు ఎక్కించేటప్పుడు అసలు అడగాల్సిందే ఇది. లేకుండానే మీ కార్డులో పేరు ఎక్కిందంటే ఎవరో చూసీచూడనట్టు వదిలేశారు. దాన్నిప్పుడు తవ్వకండి, తొలగింపు కాగితం జోడించండి.

పుట్టుక తెలంగాణ అనే కారణంతో ఎవరైనా "బయటి రాష్ట్రం" అంటే ఒప్పుకోవద్దు. వేరే రాష్ట్రంలో పుట్టి మహారాష్ట్ర నివాసిని పెళ్ళాడిన స్త్రీకి భర్త జన్మ దాఖలా, భర్త స్కూలు టీసీ, భర్త డొమిసైల్ ఏదైనా చెల్లుతుందని జులై సవరణల్లో స్పష్టంగా ఉంది. సరిహద్దు తాలూకాలవాళ్ళకు ఇంతకన్నా పనికొచ్చే వాక్యం ఆ జీఆర్‌లో లేదు.

చివరిగా పేరు. మన వైపు కోడళ్ళందరికీ ఉండే చిక్కే ఇది. చెన్నూరు ఆధార్‌లో ఇంటిపేరు ముందు, అదీ పొడి అక్షరంతో: "జి. లక్ష్మి" అనుకోండి. ఇక్కడి రేషన్ కార్డులో మరాఠీ పద్ధతిలో "లక్ష్మీ రాజన్న ఫలానా" అని, తన పేరు, భర్త పేరు, అత్తింటి ఇంటిపేరు. బ్యాంకు పాసుబుక్కులో మూడో రకం. మనిషికి ముగ్గురూ ఒకరే, కంప్యూటర్‌కు ముగ్గురు. ఆధార్‌లో పేరు జన్మలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టినతేదీ ఒక్కసారే, చిరునామా ఎన్నిసార్లైనా. అందుకని ఆధార్ కేంద్రానికి పోయేముందు పేరు ఎలా ఉండాలో ఇంగ్లీషు స్పెల్లింగుతో సహా కాగితం మీద రాసుకొని పొండి. పెళ్ళి దాఖలాలో ఉన్న పేరు, ఆధార్‌లో రావాల్సిన పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. పేరు, చిరునామా, మొబైలు ఒకేసారి మార్పించుకుంటే ఒక్క ఫీజే, 2025 అక్టోబరు నుంచి 75 రూపాయలు. విడివిడిగా మూడుసార్లు పోతే మూడు 75లు. ముందు ఆధార్, తర్వాత బ్యాంకు, ఆ తర్వాత రేషన్ కార్డు. వరుస తిరగేస్తే ఒకటి దిద్దినప్పుడల్లా ఇంకోటి తప్పవుతుంది.

ప్రాణహిత ఒడ్డు

చాలా మేలు చేసిండ్రు. ఎంపరివాహన్‌ల చూసినం, అన్న పేరే ఉన్నది. ఇంకో రెండు ముచ్చట్లు. ఇ-కేవైసీ (పథకం సైటుల ఆధార్‌తోని వివరాల తనిఖీ) చేసినప్పుడు ఇంటర్నెట్ దుకాణం పిలగాడు గబగబ ఏదో నొక్కిండు, అందుల తప్పు పడ్డదేమోనని వదినె భయం. ఇంకా నిన్న ఒకాయన ఫోను చేసి "జిల్లా ఆఫీసు నుంచి మాట్లాడుతున్న, 2000 ఫోన్‌పే చేస్తే తనిఖీ జాబితాలకెళ్ళి పేరు తీసేస్తం, లేకపోతే ఇప్పటిదాక తీసుకున్నదంత వసూలు చేస్తం" అన్నడు.

సేతు కిటికీ (ఆలపల్లి)

ఇ-కేవైసీ భయం ఉత్తగ కాదు. ఆఖరున రెండు ప్రశ్నలు ఉన్నయ్ గదా, అవి ప్రశ్నలు కావు, వాక్యాలు. మొదటిది "మా కుటుంబంల ఎవరూ ప్రభుత్వంల పర్మినెంట్ కొలువు చేస్తలేరు, పెన్షన్ తీసుకుంటలేరు" అని. నిజమైతే "హో" నొక్కాలె. "కొలువు ఉన్నదా?" అని అడిగినట్టు అనుకొని "నాహీ" నొక్కినోళ్ళు కొల్లలు. ఆ ఒక్క నొక్కుతోని ఇంట్ల సర్కారు కొలువు ఉన్నదని ఒప్పుకున్నట్టయితది. రెండోది "కుటుంబంల ఒక పెండ్లైన ఆమె, ఒక పెండ్లికాని ఆమె మట్టుకే లాభం తీసుకుంటున్నరు" అని. దానికీ అంతే. మరాఠీ వచ్చినోళ్ళే తప్పు చేసిండ్రు, మనోళ్ళ సంగతి చెప్పేదేమున్నది.

దుకాణంల అచ్చు తీసిన కాయితం ఉంటే ఏం నొక్కిండో తెలుస్తది. లేకున్నా అర్జీల ఒక పేరా పెట్టుండ్రి: "ఇ-కేవైసీల వాక్యం అర్థంకాక తప్పు ఎంపిక పడి ఉండొచ్చు, మా కుటుంబంల ప్రభుత్వ ఉద్యోగి, పెన్షనరు ఎవరూ లేరు, ఇంటికొచ్చి చూడుండ్రి." అన్న ఏం పని చేస్తడో రాయుండ్రి. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పనైతే ఆదాయం 2.5 లక్షల లోపల ఉంటే దోషం లేదు, ఆ ఆర్డరు నకలు పెట్టుండ్రి.

కేసరి కార్డు ఉన్నది గనుక ఆదాయ దాఖలా అడిగితే ఇయ్యనవసరం లేదు. పసుపు, కేసరి కార్డులకు ఆ దాఖలా మాఫీ. మహారాష్ట్రల తెల్లకార్డు ఉన్నోళ్ళకే తహశీల్దార్ ఇచ్చే ఉత్పన్నాచా దాఖలా కావాలె.

అమ్మగారి గురించి ఒక మాట. ఆమెకు సంజయ్ గాంధీ నిరాధార్ (ఆధారం లేనోళ్ళకిచ్చే పెన్షన్) వస్తలేదు గదా? అది నెలకు 1500, రెండూ ఒకరికి ఇయ్యరు. వస్తుంటే ఆమె పేరు జాబితాలకు ఎక్కినా సరైందే. అప్పుడు ఆ "సోడత్" కాయితం ఆమె పెట్టాలె, కోడలు కాదు. వదినెకు చెప్పి పెట్టుండ్రి, ఒకరి కాయితం మీద ఇంకొకరి వేలు పడకుండ. దినాం జరిగే పొరపాటే ఇది.

దెగ్లూర్ దాఖలా (నాందేడ్ జిల్లా)

ఆ ఫోను మోసం. ఈ పథకంలో దరఖాస్తుకు గానీ, తనిఖీకి గానీ ఒక్క రూపాయి ఫీజు లేదు. ఫారం నింపినందుకు సేవికలకు ఫారానికి 50 చొప్పున సర్కారే ఇచ్చింది. ఒకవేళ నిజంగా వసూలు ఉంటే లిఖిత నోటీసు రావాలి, అందులో ఆఫీసు పేరు, జావక్ (బయటికి పంపిన) నంబరు, ఏ కారణం, ఎన్ని నెలలు, ఎంత అని ఉండాలి. కట్టేది సర్కారు ఖజానాకు చలాన్ మీద, మనిషి ఫోన్‌పేకు కాదు. ఆ నంబరు మీద 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) ఫిర్యాదు చేయండి. ఓటీపీ చెప్పి ఉంటే బ్యాంకుకు వెంటనే పోండి. ఇ-కేవైసీ కోసం పంపే లింకులు కూడా అంతే, అసలు సైటు పేరు చివర జీఓవీ.ఇన్ ఉంటుంది, దాని వెంటనే ఏదైనా ఉంటే అడ్డగీత (/) ఉండాలి, చుక్కగానీ వేరే అక్షరంగానీ ఉండకూడదు.

అర్జీ ఇచ్చి నెల దాటినా జవాబు రాకపోతే మళ్ళీ అర్జీ రాయడం దండగ. సమాచార హక్కు వేయండి. మహారాష్ట్ర నియమాల్లో రెండు పట్టింపులున్నాయి, చాలామంది వాటి దగ్గరే పడిపోతారు: ఒక దరఖాస్తులో ఒకే విషయం, 150 మాటలు దాటకూడదు. ఫీజు 10 రూపాయలు, కోర్టు ఫీ స్టాంపు అంటించొచ్చు. దారిద్ర్యరేఖ కింద ఉన్నట్టు కాగితం ఉంటే అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాకపోతే అక్కడినుంచి 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఫీజు 20.

"నాకు ఎందుకు ఆపారు?" అని అడగొద్దు. "ఎందుకు" అనేది సమాచారం కాదని తిప్పి పంపుతారు. కాగితాలు అడగండి. ఇట్లా:

"మాఝీ లాడ్కీ బహీణ్ పథకంలో నా దరఖాస్తు నంబరు ఫలానా. (1) పడ్తాళ్ణీ జాబితాలో నా పేరున్న పేజీ, షేరా (కారణం రాసే) గడితో సహా, నకలు. (2) నా ఇంటి తనిఖీ మీద సేవిక ఇచ్చిన నివేదిక నకలు. (3) నేను ఫలానా తారీఖున, ఫలానా ఆవక్ నంబరుతో ఇచ్చిన అర్జీ మీద తీసుకున్న చర్య, ఫైల్ నోటింగు నకలు."

దరఖాస్తుదారు వదినె పేరే ఉండాలి, మీ పేరు కాదు. వేరేవాళ్ళ వివరాలు ఇవ్వమని తప్పించుకునే దారి అప్పుడు ఉండదు. షేరా గడిలో ఏముందో చేతికి వచ్చాక సగం పని అయినట్టే. వాహనం అని రాసి ఉంటే రేషన్ కాగితాలు ఎన్ని పెట్టినా లాభం లేదు, రేషన్ అని ఉంటే ఆర్టీఓ రసీదు పనికిరాదు. సేవిక మూడు అడిగింది కానీ జాబితాలో ఒక్కటే ఉండొచ్చు. మూడూ దిద్దుకోండి, కానీ మొదట దేని వెంట పరుగెత్తాలో ఆ గడి చెప్తుంది.

ప్రాణహిత ఒడ్డు

సంజయ్ గాంధీ లేదు, అమ్మకు ఇదొక్కటే. ఇ-కేవైసీ అచ్చు దొరికింది, మొదటి దానికి "నాహీ" అని ఉన్నది, మీరు చెప్పినట్టే. రేపు అర్జీల పేరా పెడతం. ఆర్టీఓ దరఖాస్తు ఆన్‌లైన్ల వేస్తుంటే ముందుకు పోతలేదు. ఫైనాన్స్ కంపెనీ పేరు చూపిస్తున్నది. కిస్తులు అమ్మకముందే తీరినయ్.

రాజురా రోడ్డు (చంద్రపూర్ జిల్లా)

కిస్తులు తీరడం వేరు, ఆర్సీలో ఫైనాన్స్ పేరు తీసేయడం వేరు. ముందు ఫైనాన్స్ కంపెనీ నుంచి బాకీ లేదన్న పత్రం, వాళ్ళ సంతకం ముద్రతో ఫారం 35 రెండు ప్రతులు తెచ్చుకోండి. అప్పుడే ఇచ్చిన పత్రం ఇంట్లో ఉంటే తారీఖు చూడండి, పాతబడితే ఆర్టీఓలో తీసుకోరు, కొత్తది అడగాలి. ఆ పేరు పోయాకే ఫారం 28 దరఖాస్తు ముందుకు కదులుతుంది. ఇదంతా అయ్యేలోపు మీ అర్జీలో వాహనం పేరా కింద "రుణం తీరింది, ఫారం 35 పెట్టాం" అని రాసి ఆ రసీదు కూడా జోడించండి. కొన్నాయనను ఇప్పుడే ఫోనులో పట్టుకొని బీమా నడుస్తున్నదా అడగండి. నిరభ్యంతర పత్రానికి చెల్లే బీమా కావాలి, బీమా కట్టాల్సింది బండి నడుపుతున్న ఆయనే.